దత్తత కోసం ఎదురుచూసే ఇళ్లలో రోజులు ఎలా గడుస్తున్నాయి? – అబ్బాయి వాళ్లు దుబాయ్‌లో, మేము బెజవాడలో

సత్యనారాయణపురం_టీచరు | 2024 జూలై 14

అందరికీ నమస్కారం. మున్సిపల్ స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా వారు రైల్వేలో చేశారు. ఉండేది విజయవాడ సత్యనారాయణపురం. మా అబ్బాయి, కోడలు దుబాయ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పెళ్లయి పదకొండేళ్లు. పిల్లల కోసం ఐవీఎఫ్ చికిత్స మూడుసార్లు చేయించుకున్నాక, ఇక చాలని వాళ్లిద్దరే కూర్చుని అనుకుని మాకు చెప్పారు. 2022 మే నెలలో దత్తతకు నమోదు చేసుకున్నారు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల లోపు బిడ్డ కావాలని రాశారు, ఆడైనా మగైనా సరే.

దుబాయ్ ఉన్న యూఏఈ, దేశాల మధ్య దత్తతల కోసం కుదిరిన హేగ్ ఒప్పందంలో లేని దేశం. అందుకని వీళ్ల కాగితాలు మన దౌత్య కార్యాలయం ద్వారా ఢిల్లీలో ఉన్న కేంద్ర దత్తత సంస్థ కారాకు వెళ్లాయి. పాస్‌పోర్టు మనదే కాబట్టి వరసలో ఇక్కడి వాళ్లతో సమానంగానే చూస్తారట. వరసే కదలడం లేదు. మా వాడు పొద్దున కాఫీ కూడా తాగకుండా కారా పోర్టల్ తెరిచి సీనియారిటీ నెంబరు, అంటే వరసలో తమ స్థానం, చూసుకుంటాడు. రాత్రి తొమ్మిదిన్నరకు మాకు ఫోను చేస్తారు. కోడలి మొహం చూస్తే నెంబరు కదిలిందో లేదో నాకు తెలిసిపోతుంది, అడగను.

మొన్న ఆషాఢం డిస్కౌంట్లని బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. జాకెట్టు గుడ్డ కోసం వెళ్లినదాన్ని పిల్లల బట్టల దగ్గర ఆగిపోయాను. లేత పసుపు రంగు కాటన్ ఫ్రాకు, మెడ దగ్గర చిన్న చిన్న ఆకుపచ్చ మామిడిపిందెల కుట్టు. కొట్టు అబ్బాయి "పాపకు ఎన్నేళ్లమ్మా?" అన్నాడు. నోట మాట రాలేదు. కాసేపటికి "మూడు" అన్నాను. తెచ్చి బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టాను. మా వారికి కూడా చెప్పలేదు. పాపో బాబో తెలియదు, ఎక్కడుందో తెలియదు, ఫ్రాకు కొన్నాను.

ఇరుగుపొరుగు అడిగితే ఏం చెప్తున్నారు? బంధువుల మాటలు ఎలా తట్టుకుంటున్నారు? మా ఆడపడుచు "ఎవరి రక్తమో వదినా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ దారిలో నడిచిన వాళ్లెవరైనా ఉంటే రాయండి.

బ్రాడీపేట_నాలుగోలైను | 2024 జూలై 15

అత్తయ్యగారూ, మీ పోస్టు చదివి ఏడ్చేశాను. మాది గుంటూరు. మేము ఇక్కడే నమోదు చేసుకున్నాం, 3 ఏళ్ల 4 నెలలు చూశాం. మా పాప వచ్చి ఏడాదిన్నర అయింది.

మీ ఫ్రాకు సంగతి నాకు బాగా అర్థమైంది. నేను స్టీలు సామాన్ల కొట్లో చిన్న చెవుల గ్లాసు కొని, వంటింట్లో పోపులడబ్బా వెనక పెట్టాను. రోజూ పోపులడబ్బా తీసినప్పుడల్లా అది కనపడేది.

మీకు ఒక్క విషయం చెప్పాలి. మీరు రెండేళ్లు దాటిన బిడ్డను అడిగారు. ఆ వయసుకు మాటలు వచ్చేస్తాయి. మా పాప మహారాష్ట్ర నుంచి వచ్చింది, రెండున్నరేళ్లప్పుడు. అక్కడ తనను పెంచిన ఆయాలను "తాయీ" అని పిలిచేదట, మరాఠీలో అక్క అని. ఇంటికొచ్చిన మొదటి రాత్రి గుమ్మం వైపు చూస్తూ "తాయీ, తాయీ" అని ఒకటే ఏడుపు. మా అత్తగారు పాపం తాయిలం అడుగుతోందనుకుని బెల్లం ముక్క, పుట్నాల పప్పు తెచ్చి చేతిలో పెట్టారు. విసిరికొట్టింది. మళ్లీ తెచ్చారు. అలా పదిరోజులు. పదకొండో రోజు కాబోలు, మా అత్తగారి కొంగు పట్టుకుని "తాయీ" అంది, పుట్నాలు చూపించింది. ఇప్పటికీ మా అత్తగారు ఆ పిల్లకు తాయే.

నా బాధేమిటంటే, మూడేళ్లకు పైగా ఖాళీగా ఎదురుచూశాను కదా, ఆ కాలంలో మరాఠీ, ఒడియా, హిందీలో తలా పది మాటలు నేర్చుకుని ఉంటే ఆ పది రాత్రులు పిల్ల అంత ఏడ్చేది కాదు. మీరు తెలుగు టీచరు కాబట్టి ఇది మీకు చెప్పాలనిపించింది.

పటమట_పెద్దాయన | 2024 జూలై 15

అమ్మా, తప్పుగా అనుకోవద్దు, మా ఇంట్లోనూ ఇదే చర్చ. ఇన్నేళ్లు చూడటం ఎందుకు? దత్తత అన్నది మనకు కొత్తా? అన్నదమ్ముల బిడ్డనో అక్కచెల్లెళ్ల బిడ్డనో తెచ్చుకునేవాళ్లు. అలా కుదరకపోతే ఆసుపత్రుల్లో తెలిసినవాళ్లు ఉంటారు, వద్దనుకున్న తల్లులు ఉంటారు. ఎవరో ఒకరికి మేలు చేసినట్టు ఉంటుంది. ఇంకో సందేహం కూడా ఉంది, ఎక్కడో పుట్టిన బిడ్డకు గోత్రం ఏమని చెప్తారు?

శిశుగృహలో_పదేళ్లు | 2024 జూలై 16

పెద్దాయనగారూ, మీ మొదటి మాట సరే. బంధువుల బిడ్డను దత్తత తీసుకోవడానికి చట్టంలో దారి ఉంది. రెండో మాట మాత్రం దయచేసి ఇంకెక్కడా అనకండి. దత్తతకు వెళ్లేదాకా పసిపిల్లలను చూసుకునే శిశుగృహలో నేను పదేళ్లు పనిచేశాను, ఆ దారిన పోయి ఏడ్చిన వాళ్లను చూశాను.

పిల్లల రక్షణ కోసం ఉన్న 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 80 ఉంది. పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా తీసుకున్నా 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే సెక్షన్ 81, 5 ఏళ్ల వరకు కఠిన జైలు, దాంతోపాటు లక్ష జరిమానా. ఆసుపత్రి సిబ్బందే చేస్తే 3 ఏళ్ల నుంచి 7 ఏళ్లు. శిక్ష సంగతి అలా ఉంచండి. నాలుగేళ్లు పెంచుకున్న బిడ్డను ఒకరోజు పోలీసులతో పాటు వచ్చి తీసుకుపోతే ఆ బిడ్డ గతేమిటి? ఒక పాప జీపు ఎక్కనని గేటు ఊచ పట్టుకుని వేలాడింది. అది నేను కళ్లారా చూశాను. ఎవరైనా బిడ్డను ఇస్తామని వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

పెంచలేని తల్లికి కూడా దారి ఉంది. శిశు సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి 60 రోజులు గడువు ఇస్తారు. అదే ఎవరో దొరికిన బిడ్డయితే తల్లిదండ్రుల కోసం పేపర్లో ప్రకటన ఇచ్చి వెతుకుతారు. రెండేళ్ల లోపు వాళ్లను రెండు నెలలు, పైబడిన వాళ్లను నాలుగు నెలలు చూశాకే దత్తతకు అర్హులని తేలుస్తారు. అలా తేలిన పిల్లలు తక్కువ, అడిగే దంపతులు చాలా ఎక్కువ. టీచరుగారూ, మీ నెంబరు కదలకపోవడానికి కారణం ఇదే, మీ కాగితాల్లో లోపం ఉండి కాదు.

మీకు నా తరఫున ఒక సలహా. పిల్ల వచ్చే రోజున అక్కడి పక్కదుప్పటి ఒకటి అడిగి తెచ్చుకోమనండి. ఉతకకండి. వారం పది రోజులు ఆ వాసనే బిడ్డకు ధైర్యం.

సత్యనారాయణపురం_టీచరు | 2024 జూలై 16

ఉతకకూడదన్నది నాకు ఎప్పటికీ తట్టేది కాదండి. నేనైతే వచ్చీ రాగానే వేడినీళ్లలో నానబెట్టేదాన్ని.

పటమట పెద్దాయనగారికి: గోత్రం గురించి మా పురోహితుణ్ని అడిగాం. దత్తత వచ్చిన బిడ్డకు పెంచిన తండ్రి గోత్రమే అన్నారు. చట్టం కూడా కడుపున పుట్టిన బిడ్డకున్న హక్కులన్నీ ఇస్తుంది. ఆడపడుచుకు కూడా ఇదే చెప్పాను. ఇంకా ఏమీ అనలేదు.

న్యూజెర్సీ_తెనాలి | 2024 ఆగస్టు 3

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడ చదువుతుంటే వాళ్ల కోసం. ఇక్కడ పద్ధతి వేరు. అమెరికా, ఇండియా రెండూ హేగ్ ఒప్పందంలో ఉన్నాయి, కాబట్టి గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. భార్యాభర్తల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి, ముందు ఐ-800ఏ అనే ఫారంతో అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మా స్నేహితులు ఇది తెలియక ఏడాది తిరిగారు. మాది ఇంకా హోమ్ స్టడీ, అంటే ఇంటికొచ్చి మమ్మల్ని పరిశీలించే దశ, దగ్గరే ఉంది. సోషల్ వర్కరు వచ్చి మెట్ల దగ్గర గేటు పెట్టమంది, మందులు పెట్టే అలమరకు తాళం పెట్టమంది. మా ఆవిడ ఆ రోజే రెండూ పెట్టించింది. ఇప్పుడు మా ఇంట్లో మెట్లెక్కే ప్రతిసారీ ఆ గేటు తెరిచి మూస్తున్నాం.

పైపులరోడ్డు_వాసి | 2024 సెప్టెంబరు 19

కాస్త ఆలస్యంగా రాస్తున్నాను. మాది సింగ్‌నగర్. సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చిందని మీ అందరికీ తెలుసు. మాది కింది వాటా. నడుం లోతు నీళ్లు వచ్చాయి. అమ్మను, గ్యాస్ బండను మేడ మీదికి చేర్చేసరికి బీరువా కింది అర మునిగిపోయింది. దత్తత ఫైలు అందులోనే ఉంది.

నీళ్లు తీశాక ఫైలు తెరిస్తే అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నా భార్య ఒక్కో కాగితం కింద అట్లకాడ దూర్చి, చపాతీ తిప్పినంత మెల్లగా విడదీసింది. పాత పేపర్ల మధ్య పెట్టి, ఇటుకలు బరువు పెట్టి, కరెంటు వచ్చాక ఫ్యాను కింద ఆరబెట్టాం. హోమ్ స్టడీ కాపీ బతికింది. ఆదాయం సర్టిఫికెట్టు బతికింది. వివాహ నమోదు పత్రం మీద ఇంకు మొత్తం పాకిపోయి, నా పేరు కనపడుతోంది, తన పేరు లేదు. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇల్లంతా బురద ఉంది, ఫ్రిజ్ పోయింది, మంచాలు పోయాయి, వాటికి ఏడవలేదు. దీనికి ఏడ్చింది.

పోర్టల్లో అన్నీ అప్పటికే ఎక్కించి ఉన్నాయి కాబట్టి వరస పోలేదు. వివాహ పత్రం నకలుకు అర్జీ పెట్టాను. అందరికీ చెప్పేదొకటే, అసలు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసి బీరువా పై అరలో పెట్టండి. స్కాన్ తీసి ఊళ్లో లేని ఒక బంధువుకు పంపి ఉంచండి.

బ్రాడీపేట_నాలుగోలైను | 2024 సెప్టెంబరు 19

అన్నయ్యా, అందరూ క్షేమమేనా? మీకు బట్టలు, వంట సామాన్లు ఏం కావాలన్నా నాకు మెసేజ్ పెట్టండి. గుంటూరు నుంచి గంటలో వస్తాం.

చుట్టుగుంట_ఒక్కతే | 2024 నవంబరు 8

నేను ఒంటరి మహిళను, 43 ఏళ్లు. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే ఒంటరి వాళ్లకు వయసు 40 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 45. దంపతులకైతే ఇద్దరి వయసు కలిపి 85, 90 అని లెక్క. అందుకని నేను పెద్ద బిడ్డకే పెట్టుకున్నాను. నాకేమైనా అయితే బిడ్డను చూసుకుంటానని బంధువు ఒకరు రాసివ్వాలన్నారు. మా తమ్ముడు సంతకం పెట్టి, "అక్కా, ఇప్పటి నుంచి నేను మేనమామనా?" అన్నాడు. నమోదు చేసుకున్న దగ్గర నుంచి ప్రతినెలా ఒకటో తారీకున వెండి గొలుసు కోసం వెయ్యి రూపాయలు పక్కన పెడుతున్నాడు.

నా రోజుల గురించి అడిగారు కాబట్టి. ఆఫీసు, ఇల్లు. రాత్రి ఏడున్నరకు కథ చదువుతాను, గట్టిగా, ఎవరూ లేని గదిలో. పేదరాశి పెద్దమ్మ కథలు. మొదట్లో గొంతు రాలేదు. ఇప్పుడు పక్కవాటా పిల్లలిద్దరు గుమ్మంలో కూర్చుని వింటున్నారు.

సత్యనారాయణపురం_టీచరు | 2025 జనవరి 14

సంక్రాంతికి అబ్బాయి, కోడలు వచ్చారు. నిన్న భోగి. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మా బంధువుల ఇంట్లో మూడేళ్ల బాబుకు భోగిపళ్లు పోశారు. రేగుపళ్లు, చెరుకుముక్కలు, బంతిపూల రెక్కలు, చిల్లర నాణేలు అన్నీ కలిపిన పళ్లెం వరసగా చేతులు మారుతోంది. పెద్దవాళ్లమంతా పోశాం. మా కోడలి వంతు వచ్చింది. ఆమె చేయి చాచింది కూడా. పళ్లెం పట్టుకున్నావిడ ఆమెను దాటించి పక్కన ఉన్నామెకు ఇచ్చేసింది. ఒక్కమాట లేదు. మా కోడలు చాచిన చేత్తో జడ సవరించుకుంది.

నేను లేచి పళ్లెం అడిగి తీసుకుని కోడలి చేతిలో పెట్టవలసింది. పెట్టలేదు. పండగపూట గొడవెందుకని ఊరుకున్నాను. ముప్పయ్యేళ్లు క్లాసులో ఏ పిల్లనీ వెనక బెంచీలో కూర్చోబెట్టకుండా చూసుకున్నదాన్ని, నిన్న కూర్చుండిపోయాను. రాత్రి ఆమె గదికి వెళ్లి చెయ్యి పట్టుకుని "తప్పయిపోయిందమ్మా" అన్నాను. "పర్లేదత్తయ్యా" అంది. అది పర్లేదనే మాట కాదని నాకు తెలుసు.

నేనూ_దత్తపుత్రికనే | 2025 జనవరి 15

టీచరుగారూ, ఇన్నాళ్లు చదువుతున్నానే కానీ రాయలేదు. నాకు 27 ఏళ్లు. గుంటూరులో ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. నన్ను ఏడు నెలల వయసులో తెచ్చుకున్నారు. మా అమ్మానాన్నలకు నేనంటే ప్రాణం. వాళ్లు చేసిన ఒకే ఒక్క పొరపాటు, నాకు చెప్పకపోవడం.

తొమ్మిదో తరగతిలో ఒక పెళ్లిలో తెలిసింది. తెనాలి దగ్గర కల్యాణ మండపం. వడ్డన వరసలో కూర్చున్నాను. నా వెనక ఇద్దరు ఆడవాళ్లు, "ఈ పిల్లేనా వీళ్లు తెచ్చుకుంది? పోలిక లేకపోయినా కళగా ఉంది" అనుకున్నారు. ఆకులో అప్పుడే పూర్ణం వేశారు. ఈరోజుకీ నేను పూర్ణం బూరె తినలేను.

ఇంటికొచ్చి అడిగితే అమ్మ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. నాన్నే చెప్పారు. నాకు కోపం వచ్చింది దత్తత అయినందుకు కాదు. ఊరందరికీ తెలిసిన విషయం నాకొక్కదానికే తెలియకుండా ఉంచారే అని. రెండేళ్లు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ రెండేళ్లు ఇప్పుడు నేను తిరిగి ఇవ్వలేను.

అందుకని మీరంతా ఎదురుచూసే ఈ రోజుల్లోనే నోటికి అలవాటు చేసుకోండి. "నిన్ను తెచ్చుకున్న రోజు" అని మామూలుగా, "నువ్వు పుట్టిన రోజు" అన్నంత తేలిగ్గా రావాలి ఆ మాట. బిడ్డకు రెండేళ్లున్నా మూడేళ్లున్నా చెప్పండి. 18 నిండాక తన మూలాలు వెతుక్కోవడానికి బిడ్డకు హక్కు ఉంది, దానికి భయపడకండి. నేను అర్జీ పెట్టాను. నాన్న నాతో పాటు వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

ఇంకొకటి. మీరు మొన్న పళ్లెం ఇవ్వలేదని బాధపడుతున్నారు. రేపు మీ మనవడికో మనవరాలికో పోసేటప్పుడు మీ కోడలి చేతే మొదట పోయించండి. ఆ బంధువులను కూడా పిలవండి.

పటమట_పెద్దాయన | 2025 జనవరి 15

అమ్మాయీ, చదివాను. మా తమ్ముడి ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంది, 11 ఏళ్లు. దానికి చెప్పొద్దని గట్టిగా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆదివారం వెళ్లి తమ్ముడితో మాట్లాడతాను.

సత్యనారాయణపురం_టీచరు | 2025 మే 20

మూడేళ్లు నిండాయి. ఎండలు మండిపోతున్నాయి, పదింటికే వీధిలో మనిషి ఉండటం లేదు. ఆవకాయ పెట్టాను. రెండు జాడీలు ఎప్పటిలా గుంటూరు కారంతో. మూడోది చిన్న సీసా, కారం బాగా తగ్గించి, బెల్లం వేసి పెట్టాను. మా వారు "ఇదెవరికి?" అన్నారు. చెప్పాను. ఫ్రాకు సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆయన లేచి లోపలికి వెళ్లి, తన డ్రాయరులోంచి ఒక పొట్లం తెచ్చారు. లోపల కొండపల్లి బొమ్మ, ఏనుగు అంబారీ. ఎప్పుడో ఏడాది కిందట కొన్నారట. అందులోని మావటివాడు ఊడి వస్తాడని, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారని, జిగురు పెట్టి అతికించి ఉంచారు.

బ్రాడీపేట అమ్మాయి చెప్పిన మాట పట్టుకుని హిందీ బాగుచేసుకుంటున్నాను, మరాఠీ కొంచెం వచ్చింది. ఒడియా చెప్పేవాళ్లు దొరకలేదు. ఇక్కడెవరైనా ఉన్నారా?

బరంపురం_తెలుగు | 2025 మే 21

నమస్కారమండి. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మీకు కావలసిన మాటలు ఇవి. నీళ్లు అంటే పాణి. అన్నం భాత. ఆకలేస్తోంది అనడానికి భోక లాగుచి. నిద్ర నిద. ఇటురా అనడానికి ఎఠికి ఆ. ఇక నాన్నమ్మను జేజేమా అంటారు.

సత్యనారాయణపురం_టీచరు | 2025 మే 21

జేజేమా! మా వియ్యపురాలిది కడప జిల్లా. వాళ్ల ఇంట్లో నాన్నమ్మను జేజి అంటారు. మా కోడలు చిన్నప్పటి నుంచి అదే పిలిచింది. మాకు ఇక్కడ జేజి అంటే దేవుడు. ఇంత దూరం మాట ఇంత దగ్గరగా ఉంటుందనుకోలేదు. వంటింటి తలుపుకు లోపలి వైపు ఈ మాటలన్నీ చాక్‌పీసుతో రాసుకున్నాను.

పైపులరోడ్డు_వాసి | 2025 ఆగస్టు 30

మాకు బాబు వచ్చాడు. 14 నెలలు. బిడ్డ వివరాలు పోర్టల్లో వచ్చాక 48 గంటల్లో ఒప్పుకుని రిజర్వ్ చేయాలి, మేము 20 నిమిషాల్లో చేశాం. కలెక్టరుగారి ఉత్తర్వు రావాలి ఇంకా. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు కాకుండా కలెక్టరే ఇస్తున్నారు. మళ్లీ వర్షాలు మొదలయ్యాయి, ఫైలు పై అరలోనే ఉంది. బాబు ఇప్పుడు నా భార్య భుజం మీద నిద్రపోతున్నాడు, పడుకోబెడితే లేస్తాడని గంట నుంచి తిరుగుతూనే ఉంది.

చుట్టుగుంట_ఒక్కతే | 2025 ఆగస్టు 30

అన్నయ్యా, వదినకు చెప్పండి, దిష్టి తీయమని. నాకు చాలా సంతోషంగా ఉంది.

సత్యనారాయణపురం_టీచరు | 2025 నవంబరు 23

ఏం రాయాలో తెలియడం లేదు, చేతులు వణుకుతున్నాయి. పాప. రెండేళ్ల ఏడు నెలలు. ఒడిశా నుంచి.

గురువారం మధ్యాహ్నం మా వాడు ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. మాట్లాడడు. ఊపిరి వినపడుతోంది అంతే. కోడలే చెప్పింది. ఫొటో, ఆరోగ్య నివేదిక వచ్చాయి. నివేదికను ఇక్కడ మాకు తెలిసిన పిల్లల డాక్టరుగారికి చూపించాం. రక్తం కొంచెం తక్కువ, బరువు కొంచెం తక్కువ, మిగతా అంతా బాగుందన్నారు. గడువులోపే ఒప్పుకున్నారు.

ఇక కారా నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, రావాలి, అక్కడి కలెక్టరు ఉత్తర్వు రావాలి, తర్వాత జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు. ఎన్ఓసీ వచ్చాక, ఉత్తర్వు వచ్చేలోపు బిడ్డను దేశంలోనే తమ దగ్గర ఉంచుకోవడానికి వీలుందట. కాబట్టి పాప దుబాయ్ వెళ్లేలోపు మా ఇంట్లోనే, సత్యనారాయణపురంలోనే ఉంటుంది. కోడలు సెలవు పెట్టి వచ్చేస్తోంది. కోరమాండల్ రైల్లో భువనేశ్వర్ వెళ్లి తెచ్చుకుంటామంటున్నారు. నేనూ వస్తానన్నాను.

నివేదికలో ఎత్తు 86 సెంటీమీటర్లు అని రాసి ఉంది. ఫ్రాకు బయటికి తీశాను. టేపు పెట్టి కొలిచాను. పొడవు ఎక్కువవుతుంది.

శిశుగృహలో_పదేళ్లు | 2025 నవంబరు 23

శుభం టీచరుగారూ. పక్కదుప్పటి మర్చిపోకండి. మొదటి వారం ఇంటికి చుట్టాలను రానివ్వకండి, ఎవరేమనుకున్నా సరే. బారసాల, సత్యనారాయణ వ్రతం అన్నీ నెల తర్వాత చేసుకోవచ్చు. ఎత్తుకునే చేతులు ముందు నాలుగే ఉండాలి, మీ కోడలివి, అబ్బాయివి.

నేనూ_దత్తపుత్రికనే | 2025 నవంబరు 24

పాపను పెంచిన ఆయాలతో ఒక ఫొటో తీయించండి. పేర్లు అడిగి వెనక రాసి ఉంచండి. నాకు అలాంటిది ఒక్కటి కూడా లేదు.

సత్యనారాయణపురం_టీచరు | 2025 డిసెంబరు 7

మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకున్నాను.

ఈరోజు వీడియో కాల్ చేయించారు. పాప ఆయా ఒళ్లో కూర్చుంది. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది, కుడి కనుబొమ్మ మీద చిన్న గాటు. మా వాడూ కోడలూ పిలిస్తే చూడలేదు. నేను తలుపు మీది మాటలన్నీ మర్చిపోయాను. ఒక్కటే గుర్తొచ్చింది. "ఎఠికి ఆ" అన్నాను. ఆయా మొహంలోకి చూసింది, మళ్లీ ఫోను వైపు చూసింది. తర్వాత వంగి తన కాలి చెప్పు తీసి, ఫోను దగ్గరగా పెట్టి నాకు చూపించింది. ఎర్ర చెప్పు. దాని మీద పువ్వు ఉంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. నేనేం అనాలో తెలియక "బాగుంది, బాగుంది" అని తెలుగులోనే అన్నాను.

ఫ్రాకు కింద రెండంగుళాలు మడిచి కుట్టాను. కుట్లు వదులుగానే వేశాను, వచ్చే ఏడాదికి విప్పడానికి వీలుగా.

బరంపురం వారూ, చెప్పును ఒడియాలో ఏమంటారు? బుధవారం మళ్లీ కాల్ ఉంది.

బరంపురం_తెలుగు | 2025 డిసెంబరు 7

చపల అంటారమ్మా. ఎర్ర చెప్పు అనాలంటే లాల చపల.